గోరింక కోసం కువైట్ ప్రయాణం

కువైట్ నగరానికి దక్షిణాన, ఫహాహీల్‌ను ఆనుకుని సముద్రపు ఒడ్డున ఉన్న మంగఫ్‌లో తెలుగువారికి కొదవ లేదు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవారు అక్కడి అపార్టుమెంట్లలో ఏళ్ల తరబడి ఉంటున్నారు. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఏసీ గొట్టం మీద వాలి కూసే గోరింకను వారెవరూ ప్రత్యేకంగా చూడరు. ఊళ్లో ఉన్న పిట్టే ఇక్కడా ఉంది, అంతే. అయితే శీతకాలంలోనూ వసంతంలోనూ యూరప్ నుంచి కొందరు విమానమెక్కి, మెడలో బైనాక్యులర్లు, భుజాన టెలిస్కోపు వేసుకుని కువైట్‌లో దిగుతారు. వారు చూడాలనుకునే పక్షుల పట్టికలో ఈ గోరింక ఉంటుంది. దాని దగ్గరి బంధువు బ్యాంక్ మైనా ఉంటుంది. పిగిలిపిట్ట, లకుముకిపిట్ట ఉంటాయి. అదృష్టం బాగుంటే కనిపించవలసినదిగా పాలపిట్ట ఉంటుంది.

మనవాళ్లకు ఇది నవ్వు తెప్పించే విషయమే. కాని ఆ ప్రయాణికులు పిచ్చివాళ్లు కారు. వారి కోరిక వెనక ఒక గీత ఉంది.

1858లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఆంగ్లేయ పక్షిశాస్త్రవేత్త, పక్షులు ఎక్కడెక్కడ ఉంటాయన్నదాన్ని ఆధారం చేసుకుని భూమిని ఆరు మండలాలుగా విభజించాడు. యూరప్, ఉత్తరాఫ్రికా, హిమాలయాలకు ఉత్తరాన ఉన్న ఆసియా కలిసి పేలియార్కిటిక్ మండలం. మన దేశం దానికి బయట. తరువాతి కాలంలో యూరప్ పక్షిప్రియులు ఆ మండలపు పశ్చిమ భాగాన్ని తమ ఇంటి పెరడుగా భావించడం అలవాటు చేసుకున్నారు. 1977 నుంచి 1994 వరకు తొమ్మిది సంపుటాలుగా వెలువడిన ‘ది బర్డ్స్ ఆఫ్ ది వెస్టర్న్ పేలియార్కిటిక్’ అనే మహాగ్రంథం ఆ పెరటికి సరిహద్దులు గీసింది. ఇరాక్, కువైట్ లోపలికి వచ్చాయి. దక్షిణ అరేబియా బయట ఉండిపోయింది. కువైట్ ఆ పటానికి ఆగ్నేయ మూల. ఒక జీవితకాలంలో ఆ గీత లోపల ఎన్ని జాతులు చూశామన్నది లెక్కపెట్టుకునేవారికి మంగఫ్‌లో వాలిన గోరింక లెక్కకు వస్తుంది, దుబాయిలో వాలిన గోరింక రాదు. హిమాలయం వంటి చోట ఈ గీత నిజంగా ప్రకృతి గీసిందే. అరేబియా ఎడారిలో మాత్రం అది సంపాదకుల సౌకర్యం కోసం గీసినది. ఆ సంగతి వారికీ తెలుసు. మొత్తం అరేబియాను లోపలికి చేర్చాలని వాదించినవారూ ఉన్నారు.

ఈ వేడుక ఒకవైపుదే కాదు. బూడిద రంగు ఒంటితో, మగదానికి కళ్ల చుట్టూ నల్లటి పట్టీతో ఉండే హైపోకోలియస్ అనే పక్షి ఉంది. దాని కుటుంబంలో అదొక్కటే జాతి. ఇరాక్, ఇరాన్ ప్రాంతాల్లో గూడుపెట్టి, చలికాలానికి అరేబియా వైపు దిగివస్తుంది. ఆ రాకపోకల్లో కువైట్ మీదుగా వెళుతుంది. దాన్ని చూడడానికి మన దేశపు పక్షిప్రియులు హైదరాబాదు, బెంగళూరు, ముంబయి నుంచి గుజరాత్‌లోని కచ్‌కు వెళతారు. అక్కడ ఫులే అనే ఊరి దగ్గర మిస్వాక్ చెట్ల పళ్ల కోసం కొద్దిపాటి హైపోకోలియస్‌లు చలికాలంలో వస్తాయి. ఒక పక్షి కోసం యూరప్ వాడు కువైట్ వస్తుంటే, కువైట్ మీదుగా పోయే పక్షి కోసం హైదరాబాదు వాడు కచ్ వెళుతున్నాడు.

‘అరుదు’ అనే మాటను మనం రెండు అర్థాల్లో వాడుతుంటాం. ప్రపంచంలోనే కొద్దిగా మిగిలినది అరుదు. ప్రపంచంలో లక్షలు ఉండి, ఇక్కడ మాత్రం ఒక్కటి కనిపించినదీ అరుదే. మొదటిది ఆ జాతి పరిస్థితి. రెండోది ఒక పక్షికీ ఒక స్థలానికీ మధ్య ఉన్న సంబంధం మాత్రమే. దూరప్రయాణాలు చేయించేది ఎక్కువగా ఈ రెండో అరుదే.

ఒక పక్షి తన పరిధికి వేల కిలోమీటర్ల దూరంలో ఎందుకు తేలుతుంది? గాలివాన తోసుకువచ్చిందనే సమాధానం అందరికీ తోచేది. సముద్రపక్షుల విషయంలో అది చాలావరకు నిజం కూడా. తుఫాను తరువాత లోతట్టు చెరువుల్లో సముద్రపు పక్షులు కనబడడం మన తూర్పు తీరానికి కొత్త కాదు. కాని చాలా సందర్భాల్లో తప్పు గాలిది కాదు, పక్షి లోపలి దిక్సూచిది.

దీన్ని అర్థం చేసుకోవడానికి డచ్ శాస్త్రవేత్త పెర్డెక్ 1958లో ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ మంచి దారి. శరత్కాలంలో నెదర్లాండ్స్‌లోని ది హేగ్ దగ్గర పట్టుకున్న పదకొండు వేలకు పైగా స్టార్లింగ్‌లకు కాళ్లకు రింగులు వేసి, విమానంలో స్విట్జర్లాండ్ తీసుకెళ్లి వదిలారు. స్టార్లింగ్ అంటే మన గోరింక కుటుంబపు పక్షే. సాధారణంగా అవి నైరుతిగా ఎగిరి ఉత్తర ఫ్రాన్స్‌లోనో దక్షిణ ఇంగ్లండ్‌లోనో శీతకాలం గడుపుతాయి. వదిలిన తరువాత, అంతకుముందు ఒక్కసారైనా ఆ ప్రయాణం చేసిన పెద్ద పక్షులు తమను పక్కకు తరలించిన సంగతి గ్రహించి వాయవ్యానికి తిరిగి పాత నెలవులకే చేరుకున్నాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు మాత్రం పుట్టుకతో వచ్చిన దిక్కునే నమ్ముకుని నైరుతిగానే ఎగిరి, దక్షిణ ఫ్రాన్స్, స్పెయిన్‌లలో తేలాయి. అంటే పిల్ల పక్షికి వారసత్వంగా అందేది గమ్యపు చిరునామా కాదు. ఇంత దూరం, ఈ దిక్కున ఎగరమనే ఆదేశం. చిరునామా అనుభవం మీద గాని దొరకదు. మొదటి వలసలో ఆ ఆదేశం కొద్దిగా తప్పుగా రాసి ఉన్నా, కుడిఎడమలు తారుమారైనా, దక్షిణానికి బదులు ఉత్తరాన్ని చూపినా, దాన్ని సరిదిద్దే జ్ఞానం ఆ పిల్లకు లేదు. శరత్కాలంలో పరిధి బయట దొరికే పక్షుల్లో తొలి ఏటి పిల్లలు అంత ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

ఆదేశం సరిగానే ఉన్నా దాన్ని చదివే పరికరం చెడవచ్చు. వలసపక్షులు దిక్కు తెలుసుకోవడానికి సూర్యుడినీ నక్షత్రాలనూ భూమి అయస్కాంత క్షేత్రాన్నీ వాడుకుంటాయి. బెంజమిన్ టొనెలీ, అతని సహచరులు ఉత్తర అమెరికాలో సుమారు అరవై ఏళ్లలో పట్టి రింగులు వేసిన ఇరవై లక్షలకు పైగా పక్షుల వివరాలను పరిశీలించి 2023లో ఒక ఫలితం ప్రకటించారు. అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైన రోజుల్లో, ముఖ్యంగా శరత్కాలపు వలసలో, దారి తప్పే పక్షులు పెరుగుతున్నాయి. ఆకాశంలో ఏ తుఫానూ కనబడని రోజున కూడా పక్షి దారి తప్పవచ్చునన్నమాట.

దారి తప్పిన ప్రతి పక్షీ కనిపించదు. ఎక్కువ భాగం సముద్రంలోనో ఎడారిలోనో రాలిపోతాయి. కనిపించేవి ఎక్కడో ఒకచోట ఆగవలసి వచ్చినవి. కువైట్ పేరు పక్షిప్రియులలో పెద్దగా వినబడడానికి ఇదొక కారణం. యూరప్, మధ్య ఆసియాల నుంచి ఆఫ్రికాకు, అరేబియాకు సాగే వలసదారులు ఈ మూలన కలుస్తాయి. ఒకవైపు సముద్రం, మూడువైపులా ఎడారి. రాత్రంతా ఎగిరి అలసిన పిట్టకు తెల్లవారాక దిగడానికి పచ్చదనం కొన్ని చోట్లే ఉంటుంది: ఒక పార్కు, ఒక తోట, రోడ్డు పక్కన నీళ్లు పోసి పెంచిన చెట్ల వరస, జహ్రా దగ్గర శుద్ధిచేసిన మురుగునీటితో నిలిచిన రెల్లుగడ్డి మడుగులు. వంద చదరపు కిలోమీటర్ల అడవిలో ఒక పిట్టను వెతకలేం గాని, పది చెట్లలో వెతకవచ్చు. మంగఫ్ నుంచి జహ్రాకు కారులో గంట ప్రయాణం. ఈ దేశంలో నమోదైన పక్షిజాతులు నాలుగు వందలకు పైబడి ఉన్నాయంటే ఆ పచ్చని చుక్కల పుణ్యమే. మన పొలాల్లో కనిపించే పొడుగుతోక శ్రైక్ వంటివి అప్పుడప్పుడూ అక్కడ దారి తప్పిన అతిథులుగా నమోదవుతాయి.

అటువంటి పక్షి కోసం పరుగెత్తడాన్ని ఇంగ్లండ్‌లో ట్విచింగ్ అంటారు. 1950లలో చలిలో మోటారుసైకిల్ మీద దూరాలు పోయి వణుకుతూ దిగిన కొందరు మిత్రులను చూసి పుట్టిన మాట అని చెబుతారు. 1989 ఫిబ్రవరిలో కెంట్‌లోని మెయిడ్‌స్టోన్ దగ్గర ఒక సూపర్‌మార్కెట్ పరిసరాల్లో గోల్డెన్-వింగ్డ్ వార్‌బ్లర్ అనే అమెరికా పిట్ట తేలితే, దాన్ని చూడడానికి వేలమంది వచ్చి ఆ పేటంతా నిండిపోయారు. 2017లో పెన్సిల్వేనియాలో ఒక ఇంటి పెరట్లో మెక్సికో దేశపు నల్లవీపు ఓరియోల్ కనబడింది. కోరీ కలహన్ బృందం దాన్ని చూడడానికి వచ్చినవారి ప్రయాణఖర్చులను లెక్కగట్టి, ఆ ఒక్క పిట్ట వల్ల కదిలిన సొమ్ము సుమారు 2 లక్షల 23 వేల డాలర్లని తేల్చింది. అమెరికాలోని పాఠకులకు స్టెల్లర్స్ సముద్రపు గద్ద గుర్తుండవచ్చు. రష్యా తూర్పు తీరపు ఆ భారీ గద్ద ఒకటి 2020లో అలాస్కా లోతట్టులో కనబడి, 2021లో టెక్సస్, క్విబెక్, నోవా స్కోషియా, మసాచుసెట్స్ తిరిగి వేలమందిని తన వెంట తిప్పుకుంది.

అన్ని కథలూ అంత వినోదంగా ఉండవు. 2018లో మధ్య, దక్షిణ అమెరికాల ఉష్ణప్రాంతపు డేగ, గ్రేట్ బ్లాక్ హాక్, మొదట టెక్సస్‌లో, తరువాత మెయిన్ రాష్ట్రంలో కనబడింది. ఈకల మచ్చలను ఫొటోల్లో పోల్చి రెండూ ఒకటే పక్షి అని తేల్చారు. పోర్ట్‌లండ్‌లోని డీరింగ్ ఓక్స్ పార్కులో అది ఉడుతలను పట్టి తింటూ ఉంటే జనం విరగబడి చూశారు. 2019 జనవరి మంచులో కాళ్లు గడ్డకట్టి అది కూలిపోయింది. కాళ్లు తిరిగి పనిచేయవని తేలి, నెలాఖరున ఆ బాధకు ముగింపు పలికారు. తరువాత ఆ పార్కులో దానికి విగ్రహం పెట్టారు. ఒక పక్షి నశించిపోవడాన్ని దగ్గరుండి చూస్తున్నామని అంతకుముందు చూసినవారిలో ఎందరు అనుకున్నారో.

అయితే దారి తప్పడం ఎప్పుడూ చావుకే దారి తీస్తుందనుకోవడం పొరపాటు. సైబీరియా నుంచి దక్షిణాసియాకు వలసపోయే రిచర్డ్స్ పిపిట్ అనే పిట్ట ఒకప్పుడు పశ్చిమ యూరప్‌కు దారి తప్పి వచ్చిన అతిథి. పాల్ డుఫూర్, అతని సహచరులు దక్షిణ ఫ్రాన్స్‌లో శీతకాలం గడిపే ఈ పక్షులకు చిన్న పరికరాలు కట్టి చూశారు. అవి సైబీరియాకు పోయి గూడుపెట్టుకుని, మళ్లీ అదే ఫ్రాన్స్‌కు తిరిగి వస్తున్నట్టు 2021లో వెల్లడైంది. తప్పుదారి కొన్ని పక్షులకు కొత్త రహదారి అయింది. అందుచేత పరిధి బయట కనబడిన పక్షిని గురించి రాసిపెట్టుకోవడం కాలక్షేపం మాత్రమే కాదు. ఒక జాతి పటం మారబోతున్నదన్న తొలి సూచన కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.

అందుకే ‘ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్నకు అంత విలువ. రెక్కల మీద వచ్చిందా, ఓడ మీద వచ్చిందా, పంజరంలో వచ్చిందా? మన కాకి కథ చూడండి. 1994లో నెదర్లాండ్స్‌లోని హుక్ ఫన్ హాలండ్ రేవులో ఊరకాకులు దిగాయి. ఓడల మీద వచ్చాయన్నదే అందరి అభిప్రాయం. 1997కల్లా గూళ్లు పెట్టాయి. మొదట వాటిని చూడడానికి వచ్చిన జనం ఉన్నారు. తరువాత వాటిని నిర్మూలించాలని ఆదేశించిన ప్రభుత్వమూ ఉంది. కువైట్‌లోని పిగిలిపిట్టలు, గోరింకలు పంజరాల నుంచి తప్పించుకున్నవాటి సంతానమని భావిస్తారు. గల్ఫ్ సంతల్లో పిట్టల వ్యాపారం ఎంత పెద్దదో చూసినవారికి అందులో ఆశ్చర్యం ఉండదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం నిపుణులు తయారుచేసిన నూరు అతి చెడ్డ చొరబాటు జీవుల పట్టికలో పక్షులు మూడే. వాటిలో ఒకటి గోరింక, మరొకటి పిగిలిపిట్ట. కాబట్టి యూరప్ పక్షిప్రియుడు మంగఫ్‌లో గోరింకను తన పట్టికలో చేర్చుకున్నా, ఇక్కడ స్థిరపడ్డ పరాయి జాతిగానే చేర్చుకుంటాడు. లకుముకిపిట్ట విషయం వేరు. అది ఇరాక్ వైపు నుంచి తనంత తానే పరిధి పెంచుకుని కువైట్‌లో గూడుపెట్టే స్థాయికి వచ్చింది. రెండూ మనకు ఒకే ఊరి పిట్టలు. అక్కడి లెక్కల్లో వాటి హోదాలు వేరు.

ఈ తీర్పులు చెప్పడానికి చాలా దేశాల్లో రికార్డుల కమిటీలు ఉన్నాయి, కువైట్‌లోనూ ఉంది. ఫొటో, కూత, చూసిన చోటు, తేదీ, ఈకల అరుగుదల, కాలికి రింగు ఉందా లేదా అన్నవి అడుగుతాయి. పంజరపు పక్షికి తోక చివర్లు, గోళ్లు అరిగిపోయి ఉండడం ఒక ఆధారం. ఇంత అనుమానం ఎందుకని విసుక్కునేవారు హేస్టింగ్స్ ఉదంతం తెలుసుకోవాలి. 1892 నుంచి 1930 వరకు ఇంగ్లండ్‌లోని ఆ పట్టణం చుట్టుపక్కల నమ్మశక్యం కానన్ని అరుదైన పక్షులు ‘దొరికాయి’. వాటిలో చాలావరకు జార్జ్ బ్రిస్టో అనే ఒక టాక్సిడర్మిస్టు చేతుల మీదుగా సంపన్న సేకర్తలకు చేరాయి. 1962లో గణాంకశాస్త్రవేత్త జాన్ నెల్డర్ ఆ లెక్కలు మిగతా ప్రాంతాలతో ఏ విధంగానూ పొసగవని చూపాక, వందల రికార్డులను బ్రిటిష్ జాబితా నుంచి కొట్టివేశారు. పక్షులు నిజమైనవే. అవి దొరికిన చోటు మాత్రం అబద్ధం. ఈ రంగంలో ‘ఎక్కడ’ అన్నది తారుమారైతే మిగిలేది గడ్డి కూరిన చర్మం మాత్రమే.

ఇక మొదటి అర్థంలోని అరుదు. కువైట్‌లో ఉన్న కడప జిల్లావారి సొంత గడ్డమీదే దానికి ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. కలివికోడిని 19వ శతాబ్దంలో జెర్డాన్ పేరుతో శాస్త్రలోకం నమోదు చేసింది. 1900 తరువాత కనబడక అంతరించిందనుకుంటే, 1986 జనవరిలో కడప జిల్లాలో స్థానికుల సాయంతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ తిరిగి కనుగొన్నాడు. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ మార్గం మార్చవలసి వచ్చింది. ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే ఈ పిట్టను చూడడానికి మెయిడ్‌స్టోన్‌కు వచ్చినట్టు వేలమంది వస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దారి తప్పిన వార్‌బ్లర్ ఒకటి చనిపోతే ఆ జాతికి లెక్కలేదు. కలివికోడి విషయంలో ఒక్క గూడు చెదిరినా లెక్కే.

పక్షిని చూడడానికి బయల్దేరడం మనకు కొత్తదేమీ కాదు. తెలంగాణలో దసరా నాడు ఊరి పొలిమేర దాటి పాలపిట్టను చూసి రావడం ఆచారం. కాని పట్టణాలు పెరిగి పొలిమేరలు కనుమరుగయ్యాక, పాలపిట్టే మనిషి దగ్గరకు రావలసి వచ్చింది. వారాల ముందే పిట్టలను పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి చూపించి డబ్బు తీసుకోవడం మొదలైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. అలా విడిపించిన వాటిలో ఎన్నో మళ్లీ ఎగరలేని స్థితిలో ఉంటాయి. చూపు కోసం జరిగే హింసలో దీనికీ, అలసి దిగిన పిట్టను ఫొటో కోసం పొద పొదకూ తరిమే విదేశీ కెమెరాకూ నా దృష్టిలో పెద్ద తేడా లేదు. మనది పండగ పేరు మీద జరుగుతుంది, అంతే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పాలపిట్టే రాష్ట్రపక్షి. విభజన తరువాత తెలంగాణ దాన్ని ఉంచుకుంది, ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక, గత పన్నెండేళ్లలో దేశంలో పాలపిట్టలు సుమారు 30 శాతం తగ్గాయని అంచనా వేసి, ప్రపంచ ఎర్రజాబితాలో దాని స్థితిని తిరిగి పరిశీలించాలని సూచించింది. పొలాలు, బీళ్లు, పచ్చికల వంటి బయలు ప్రదేశాల పక్షులు మిగతావాటికంటే వేగంగా తగ్గుతున్నాయని కూడా ఆ నివేదిక చెబుతుంది. కువైట్‌లో చలికాలపు తీగమీద వాలిన పాలపిట్ట రెండో అర్థంలో అరుదు. దక్కనులో అది నెమ్మదిగా మొదటి అర్థం వైపు జరుగుతోంది.

ఆ 30 శాతం ఎలా తెలిసింది? ఎవరూ దేశంలోని పాలపిట్టలన్నింటినీ లెక్కపెట్టలేదు. ముప్ఫై వేలమందికి పైగా పక్షిప్రియులు తమ తమ ఊళ్లలో, చెరువు గట్ల మీద, మేడల మీద నుంచి చూసి ఈబర్డ్‌లో నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల నుంచి ఆ సంఖ్య వచ్చింది. కాకి ఎన్ని, గోరింక ఎన్ని, పిగిలిపిట్ట ఎన్ని అని రాసిన, ఎవరూ విమానమెక్కి రాని పట్టికలు అవి. పట్టిక పూర్తిచేసే ముందు ఈబర్డ్ ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నింటినీ ఇందులో రాశారా? అవునని బదులిస్తే, ఆ పట్టికలో లేని పక్షులు కూడా లెక్కలోకి వస్తాయి. పాలపిట్ట తగ్గిన సంగతి బయటపడడానికి దాన్ని చూసినవారి పట్టికలు ఎంత అవసరమయ్యాయో, ఆ ఉదయం చూసినవన్నీ రాసి, పాలపిట్ట మాత్రం కనిపించక తిరిగి వచ్చినవారి పట్టికలూ అంతే అవసరమయ్యాయి.